మంచం దించిన చేతులు

"పాస్‌పోర్ట్ ఎక్కడికీ పోలేదు సాబ్. ఈ డ్రాయర్లోనే భద్రంగా ఉంది," అన్నాడు ఎహసాన్, డ్రాయరు మీద అరచెయ్యి పెట్టి. "మీరొక్క సైన్ కొట్టండి, నేను డ్రాయర్ తీస్తా. ఖలాస్."

చెన్నయ్య ఆ చేతిని చూశాడు. జగిత్యాల దిక్కు పల్లెలో పుట్టి, కానిస్టేబుల్‌గా చేరి, సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా దిగిపోయిన మనిషి అతను. ఇప్పుడు సొంతంగా దర్యాప్తులు చేస్తున్నాడు. మాట తక్కువ. ముఖానికి అబద్ధం తొందరగా వస్తుందని, చేతులకు అంత తొందరగా అబ్బదని అతని అనుభవం. ఎహసాన్ ముఖం నవ్వుతూనే ఉంది గానీ, అరచెయ్యి మాత్రం మూసే ఉన్న డ్రాయరును ఇంకా లోపలికి నొక్కుతోంది.

గేటు పాసుకని మొదటి రోజు చెన్నయ్య దగ్గర తీసుకున్న పాస్‌పోర్టు అది. అడిగిన ప్రతిసారీ ఒక సాకు. ఇవాళ సాకులు అయిపోయి అసలు మాట వచ్చింది. రేపటితో వీసా గడువు తీరిపోతుంది. ఒమన్‌లోని ఈ ఇబ్రి లేబర్ క్యాంపు గేటు దాటాలన్నా, విమానం ఎక్కాలన్నా ఆ డ్రాయరే తెరుచుకోవాలి.

బల్ల మీద కాగితం ఒకటే. 'గణపతి సాయంత్రం అయిదు గంటల ప్రాంతంలో గుండె ఆగి సహజంగా మరణించాడు. కుటుంబానికి ఇందులో ఏ అభ్యంతరమూ లేదు.' కింద 'శ్రీవాణి తరఫున' అని, సంతకానికి జాగా. శ్రీవాణి గణపతికి తమ్ముడి భార్య. ఒమన్‌లో తన బదులు మాట్లాడమని, సంతకం చెయ్యమని ఆమె చెన్నయ్యకు పవరాఫటార్నీ రాసిచ్చింది. అతను పెట్టే సంతకం ఆమె పెట్టినట్టే.

"డాక్టర్ రాసిన టైమే నేను రాసిన," అన్నాడు ఎహసాన్. హైదరాబాద్ మనిషి. ఈ కంపెనీ క్యాంపులకు ఇన్‌చార్జి. పోలీసులతో మాట్లాడేది, ఆసుపత్రి కాగితాలు తెచ్చేది, చావు జరిగితే కంపెనీ తరఫున విచారించేది, అంతా అతనే. "అయినా అయిదింటికి పోతేనేంది, ఒంటిగంటకు పోతేనేంది సాబ్? పోయినోడు లేచి వస్తడా?"

"తేడా లేకుంటే ఆ టైము కొట్టెయ్. ఉత్త తారీఖు ఉంచు. ఇప్పుడే పెడ్త సంతకం."

ఎహసాన్ నవ్వు సగంలో నిలిచిపోయింది. "మీ ఊరి ఠాణా అనుకుంటున్నరా ఇది? డాక్టర్ చూసినప్పుడు బాడీ ఇంకా వేడి మీద ఉండె, అందుకే అట్ల రాసిండు. ఇక్కడ సైన్స్ నడుస్తది సాబ్. లాఠీ కాదు."

చెన్నయ్య కాగితం మీది ఆ గంటనే చూశాడు. తేడా ఎంతో ఇద్దరికీ తెలుసు.

గణపతి రాసిన వీలునామా పెద్దదేమీ కాదు. భార్య గౌరవ్వ చనిపోయింది, పిల్లలు లేరు. కిందటి సెలవుకు ఊరికి పోయినప్పుడు రిజిస్టర్ చేయించాడు. కోరుట్ల రోడ్డు మీద తాను కట్టించిన రెండు షట్టర్ల ఇల్లు తన తదనంతరం తమ్ముడు నర్సింగ్‌కు. అది పోగా మిగిలింది ఏదున్నా, ఏ కారణం చేతనైనా ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది ఏదున్నా, గౌరవ్వ తమ్ముడు ఇస్తారికి. ఆ ఇస్తారినే అమలుదారుగా కూడా రాశాడు. అమలుదారు అంటే యజమాని కాదు, రాసిన ప్రకారం పంచిపెట్టవలసినవాడు. ఇక మిగులు హక్కంటే మామూలుగా పాత బీరువా, నాలుగు గిన్నెలు.

కానీ ఒక మెలిక ఉంది. రాసిన మనిషి కంటే తీసుకోవలసిన మనిషి ముందు పోతే ఆ రాతకు ప్రాణం పోతుంది. ఇల్లు వచ్చి మిగులులో పడుతుంది. అదే రాసిన మనిషి ముందు పోతే, తీసుకునేవాడు ఆ తర్వాత ఎంతసేపు బతికినా సరే, ఇల్లు అతనిదైనట్టే. అక్కడినుంచి అతని భార్యాబిడ్డలది. చెన్నయ్య శ్రీవాణికి దాన్ని నీళ్ల వంతు లెక్కన చెప్పాడు. తూము తెరిచే వేళకు ఎగువ మడి రైతు బతికుంటే నీళ్లు ఆ మడిలో నిలుస్తాయి, ఆ పంట అతని పిల్లలు తింటారు. లేకపోతే నీళ్లు ఎవరికోసమూ ఆగవు, దిగువ మడిలోకి జారిపోతాయి.

అన్నదమ్ములిద్దరూ ఒకే కంపెనీ. గణపతి ఇబ్రిలో ఫోర్‌మన్, అతని రూంలోనే బావమరిది ఇస్తారి; నర్సింగ్ సోహార్ సైట్లో. నెల కిందట ఇద్దరూ ఒకే రోజు పోయారు. నర్సింగ్ పొద్దున సైట్లో పరంజా మీద నుంచి పడి ఆసుపత్రిలో చేరాడు, నాలుగు గంటల ఇరవై నిమిషాలకు గుండె ఆగింది. ఆ గంట మీద ఎవరికీ తగాదా లేదు. గణపతి అయిదింటికి పోయాడంటే ఇల్లు ఇస్తారిది. నాలుగూ ఇరవైకి ముందే పోయాడంటే, కూలికి పోతూ బిడ్డను సాకుతున్న శ్రీవాణిది.

"ఇస్తారితోని ఒక్కసారి మాట్లాడి, రూం చూసి వస్త," అన్నాడు చెన్నయ్య లేస్తూ.

"మూడుసార్లు చూసిండ్రు కదా సాబ్. గోడలేమన్నా మాట్లాడినయా?"

"నాలుగోసారి చూస్త."

"జరూర్. ఫోన్ ఇక్కడ పెట్టి పోండి. రూంల ఫోటోలు వద్దని పోలీసుల ఆర్డర్." ఎహసాన్ చెయ్యి చాపాడు. "బ్రేక్ అయిపోయేలోపు సైన్ కావాలి. బస్సులు కదిలినంక నేను సోహార్ పోవాలి. మళ్లీ ఎల్లుండికి గాని రాను. అప్పటికి మీ వీసా ఉండదు. ఇంకేముంది, ముల్జిమ్‌ను పట్టుకునే పోలీసోళ్లే ముల్జిమ్!"

చెన్నయ్య ఫోను బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

మిట్టమధ్యాహ్నం. ఎండాకాలం మూడు నెలలూ ఈ వేళ బయట పని చేయించకూడదని చట్టం. క్యాంపంతా తలుపులు బిగించుకుని పడుకుంది. వరసల మధ్య నడుస్తుంటే ప్రతి గోడలోంచీ ఏసీ మోతే తప్ప మనిషి చప్పుడు లేదు. మెస్‌లో మాత్రం వంటాయన మొయినుద్దీన్ ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. కడప మనిషి. గణపతి శవాన్ని చూసిన మొదటివాళ్లలో ఒకడు.

"రాండి సార్, సులేమానీ చాయ్ తాగుదురు గానీ."

"వద్దు. ఆ రోజు నువ్వు రూంలకు పోయినప్పుడు ఎట్లుండె? మొదటి నుంచి చెప్పు."

"ఎన్నిసార్లు సెప్పేది సార్," అన్నాడు గానీ కత్తి పక్కన పెట్టాడు. "ఇస్తారి అరిసినాడు. నేను గరిటె ఇడిసిపెట్టి ఉరికినా. తలుపు తీస్తానే వేడి మొగాన కొట్టింది. తందూరు మూత తీసినట్టుండాది. ఏసీ ల్యా."

"కరెంటు పోయిందన్నరు."

"ఎవురు సార్ అనింది? ఆ లైన్ మీదనే నా ఫ్రీజర్ ఉండాది. కరెంటు పోయింటే నా కోళ్లు నీళ్లు కారిపోయుండవా? ఆ పొద్దు గొడ్డలి పెట్టి కొట్టినా ఇడిపడల్యా, అంత గడ్డ."

"ఇది నిన్న ఎందుకు చెప్పలే?"

"నిన్న మీరు కోళ్ల గురించి అడగల్యా కదా."

చెన్నయ్య మీసాల కింద నవ్వులాంటిది కదిలి ఆగింది. "మనిషి ఎట్ల పండుకోని ఉన్నడు?"

మొయినుద్దీన్ చెక్క గరిటె తీసి పీట మీద పెట్టాడు. "ఇది మంచం అనుకోండి. తలగడ ఇట్ల, తూర్పుకు. ఆయప్ప నేల మీద, ఇట్ల." మిరపకాయ ఒకటి తీసి గరిటెకు అడ్డంగా పెట్టాడు. "మంచం మీద నుంచి పన్న్యాడని రాసినారు. పడేటోడు అంత సక్కగా పడతాడా సార్? కాళ్లు కలిపి, సేతులు పక్కన. మావాళ్లెవరన్నా సర్దినారేమో అనుకున్న్యా. మావాళ్లయితే మొగం ఖిబ్లాకు, మక్కా దిక్కు తిప్పుతారు. ఆయప్ప పైకప్పు సూస్తా ఉన్న్యాడు."

"తల ఎటు?"

"జనరేటర్ దిక్కు."

చెన్నయ్య మెస్ గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు. క్యాంపు మసీదు ముఖం పడమరకు. తాను కూడా అటే తిరిగి నిలుచున్నాడు. జనరేటర్ షెడ్డు ఎడమ చేతికి వచ్చింది.

దక్షిణం.

"పక్కన ఇంకేమన్నా ఉండెనా?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"స్టీలు గ్లాసు. అడుగున గుక్కెడు నీళ్లు, దాంట్లో ఒక ఆకు. నా పుదీన ఎత్తకపోయినారేమో అని వాసన కూడా సూసినా. పుదీన కాదు. గ్లాసు కడిగి పెట్టేసినా." మొయినుద్దీన్ గొంతు కొంచెం తగ్గింది. "తప్పు జేసినానా సార్?"

"పోలీసులకు చెప్పినవా?"

"వాళ్లు అరబీలో అడిగినారు, ఎహసాన్ భాయ్ అరబీలో సెప్పినాడు. వంటోణ్ణి ఎవురు అడుగుతారు?"

చెన్నయ్య అతని భుజం తట్టి కదిలాడు. మెస్ మూల తిరిగేటప్పుడు ఆఫీసు గుమ్మంలో ఎహసాన్ నిలబడి తనవైపే చూస్తూ ఉండటం గమనించాడు. అతను చెయ్యి ఊపాడు. చెన్నయ్య ఊపలేదు.

వరసలో ఆఖరి రూమది, జనరేటర్ షెడ్డుకు ఆనుకుని ఉంది. రేకుల క్యాబిన్. కిటికీ ఉండవలసిన చోట ఏసీ. ఇనుప తలుపు బయటికి తెరుచుకుంటుంది, తాళం వేసే గొళ్లెం బయటే. గుమ్మం పక్కన రంగు డబ్బాలో తులసి మొక్క, మీద తడిపిన గోనెసంచి నీడకు కట్టి ఉంది. మూడుసార్లు దాని పక్కనుంచే లోపలికి పోయాడు. మూడుసార్లూ అది మొక్కగానే కనబడింది. చెన్నయ్యకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఇస్తారి తన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన తాపీమేస్త్రీ. సిమెంటుకు గోళ్లు తెల్లబడ్డాయి.

"మళ్లచ్చిండ్రా సారు?"

"మళ్లచ్చిన. ఆ డబ్బాల చెట్టు ఎవలిది?"

"మా బావది. ఇప్పుడు నేనే నీళ్లు పోస్తున్న."

చెన్నయ్య ఇంకేమీ అడగలేదు. చెప్పులు విడిచాడు. రెండు మంచాల మధ్య నేల మీద మెల్లగా కూర్చుని, మోకాళ్లు కలుక్కుమంటుంటే వెనక్కి వాలి పడుకున్నాడు. తల జనరేటర్ దిక్కుకు పెట్టాడు. కాళ్లు కలిపాడు. చేతులు పక్కలకు చాపి, పైకప్పు రేకులు చూస్తూ ఊరుకున్నాడు.

ఇస్తారి మంచం మీద నుంచి ఎగిరి దూకాడు. "లెవ్వుండ్రి సారు! గట్ల పండుకోవద్దు! లెవ్వుండ్రి!"

"ఎందుకు?"

"ఎందుకేంది సారు, బతికున్న మనిషి గట్ల పండుకుంటడా!"

"పండుకోడు," అన్నాడు చెన్నయ్య, కదలకుండానే. "ఇంకొకలు పండుకోబెడ్తరు. మంచం మీంచి దొర్లి పడ్డోని తల తూర్పుకే ఉండాలె ఇస్తారీ. దక్షిణానికి తిరగాలంటే రెండు చేతులు కావాలె. నోట్లె తులసి నీళ్లు పొయ్యాలంటే ఇంకో చెయ్యి కావాలె. అరబ్బు పోలీసుకు ఇది తెల్వది. ఎహసాన్‌కు తెల్వది. వంటాయన పుదీన అనుకున్నడు." మోచేతి మీద లేచాడు. "పోయినంక దించినవా? పోకముందా?"

ఇస్తారి గోడకు ఆనుకున్నాడు. చేతులు రెండూ చంకల్లోకి దోపుకున్నాడు, అవే ఏదో చెప్పేస్తాయన్నట్టు.

"నేను పనికి పోయిన సారు. అయిదున్నరకు వచ్చి తలుపు తీసేవరకు..."

"ఆ మాట కాగితంల రాసి ఉన్నది. నేను చదివిన. మీ అక్క పోయినప్పుడు ఎవలు దించిండ్రు?"

ఇస్తారి చూపు రెండు మంచాల మధ్య నేల మీదికి పోయింది. చేతులు చంకల్లోంచి బయటికి వచ్చాయి.

"అక్కను నేనే దించిన, బావను గూడ నేనే. ఊపిరి ఉండంగనే దించిన. పోయినంక దించితే ఏం లాభం సారు? మంచం మీద పోతే జీవి ఆడనే తిరుగుతదంటరు. బావకు ఎవలున్నరు ఈ దేశంల? మంచం మీద పోనిస్తనా?"

అదే చాలు. ఊపిరి ఉండగా దించాడంటే చావును దగ్గరుండి చూశాడు. చూసీ సాయంత్రం దాకా ఎవరినీ పిలవలేదు. చెన్నయ్య లేచి గణపతి మంచం మీద కూర్చున్నాడు. ఇలాంటప్పుడు తొందరపెడితే మాట మళ్లీ లోపలికి పోతుందని అతనికి తెలుసు. జేబులోంచి తువ్వాల తీసి ఇస్తారికి అందించాడు.

"బ్రేకుకు వచ్చినం," అన్నాడు ఇస్తారి, ముఖం తుడుచుకుని. "బువ్వ ముందట కూసున్నడు. గుండెల పట్టుకున్నదన్నడు. ముద్ద చేతులనే ఉన్నది. నేను ఎహసాన్ భాయ్‌కు ఫోన్ చేసిన. అంబులెన్స్ పంపుతున్న, కదిలియ్యకు అన్నడు. రాలె. మళ్ల చేసిన, ఎత్తలె. బావ కండ్లు తేలేసిండు. అప్పుడు దించిన సారు. నీళ్లు పోసిన. రెండు గుక్కలు మింగిండు. మూడోది బయటికి వచ్చింది."

"అప్పుడు ఎంతయింది?"

"ఒంటిగంటన్నర. పోయిండని మళ్ల ఫోన్ చేసిన. ఈసారి ఎత్తిండు."

"ఏమన్నడు?"

ఇస్తారి తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "తలుపు పెట్టు, ఏసీ బంద్ చెయ్, బస్సుల డ్యూటీకి పో అన్నడు. డ్యూటీ అయినంక వచ్చి అప్పుడే చూసినట్టు అరువుమన్నడు. నర్సింగ్ కంటె బావ ముందు పోయిండని తెలిస్తే అక్క ఇల్లు నీకు రాదు అన్నడు. వీలునామల ఆ ఇంగ్లీషు మాటలన్నీ నాకు ఆయనే చదివి చెప్పిండు సారు, అంతకుముందే. అది మా అక్క ఇల్లు. పుస్తెలతాడు అమ్మి పునాది పోయించింది అక్క. నర్సింగ్ పెండ్లాం ఒక్క ఇటుక మోసిందా? బావ ఎట్లయినా పోయిండు. నేనెవల్ని చంపలె. ఏసీ బంద్ చేసుడు కూడ పాపమేనా?"

"ఏసీ బంద్ చేస్తే శవం చల్లబడదు. డాక్టర్ చెయ్యి పెట్టి చూసి, ఇప్పుడే పోయిండనుకుంటడు. అందుకు చెయ్యమన్నడు."

"నాకు గంతా తెల్వదు సారు."

"అయితే నర్సింగ్ అప్పటికి బతికే ఉన్నడు. ఇంకో పదేండ్లు బతికితే? శవాన్ని ఎన్ని దినాలు దాస్తుంటివి?"

"సాయంత్రం దాక ఆగడన్నడు. తల పగిలింది, డాక్టర్ ఆశ విడిచిండు అన్నడు. ఎహసాన్ భాయ్ ఆని పక్కననే ఉన్నడు కదా సారు, సోహార్ దవఖానల."

చెన్నయ్య మంచం అంచుకు జరిగాడు. లోపల ఇన్ని రోజులుగా ఒక మూల అతకని ముక్క ఒకటి ఉంది. అది ఇప్పుడు దానంతటదే వచ్చి కూర్చుంది. 

"నర్సింగ్‌కు తల పగలలె ఇస్తారీ."

"ఆ?"

"కాలు విరిగింది. మోకాలు కింద. తెల్లకట్టు కట్టి పండబెట్టిండ్రు. ఆ పొద్దు రెండు దాటినంక శ్రీవాణికి వీడియో కాల్ చేసిండు. మంచం మీద కూసోని బిస్కెట్లు తింటున్నడు. కట్టు మీద వేలుతోని గీసి, దీని మీద నువ్వు బొమ్మలెయ్యాలె అని బిడ్డను నవ్విచ్చిండు. అన్నకు చెప్పకుండ్రి, రంది పడ్తడు అన్నడు." చెన్నయ్య ఒక్కో మాటా పేర్చినట్టు చెప్పాడు. "రెండు గంటలకు బిస్కెట్లు తినేటోడు సాయంత్రం దాక ఆగడని, ఒంటిగంటన్నరకే ఏ డాక్టర్ చెప్పిండు?"

ఇస్తారి ఒంటిగంటన్నర, రెండు అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.  నెల రోజులుగా తాను దాచిన చావు ఒక్కటే అనుకున్నాడు. రెండోదానికి దారి విడిచింది కూడా తానేనని ఆ ముఖానికి ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

"నేను ఫోన్ చెయ్యకపోతే..." అన్నాడు.

"నువ్వు ఫోన్ చేసినంకనే నర్సింగ్ బతికుండుడు వానికి అడ్డమైంది."

బయట కంకర కరకరమంది. తలుపు దగ్గర ఆగింది. చెన్నయ్య రెండంగల్లో తలుపు చేరి తోశాడు. అప్పటికే గొళ్లెం పడింది. ఇనుము మీద ఇనుము, తర్వాత తాళం నొక్కిన చప్పుడు.

ఏసీ ఒకసారి దగ్గినట్టు కదిలి ఆగిపోయింది.

ఆ మోత పోయాక జనరేటర్ మోత లోపలికి వచ్చి నిండింది. కరెంటు ఉంది. ఈ ఒక్క రూమ్‌కే లేదు. మెయిన్ స్విచ్ బయట గోడకు ఉంటుంది.

"చెన్నయ్య సాబ్!" తలుపు అవతల ఎహసాన్ గొంతు, ఆఫీసులో విన్నంత మర్యాదగానే. "వంటోనితోని చాలాసేపు మాట్లాడిండ్రు. మీకు టైం సరిపోదేమో అని కాగితం నేనే తెచ్చిన. పెన్ను కూడా."

తలుపు కింద సందులోంచి తెల్ల కాగితం జారి వచ్చింది. దాని వెనకే నీలం పెన్ను దొర్లింది.

"సైన్ చేసి ఇటే తొయ్యండి. తాళం తీస్త, పాస్‌పోర్ట్ చేతుల పెడ్త, ఎయిర్‌పోర్ట్‌కు బండి పంపుత. మాఫీ ముష్కిల్, ఏం తక్లీఫ్ లేదు. గణపతి రూం అది, వేడి జర్ర ఎక్కువ. సోచ్ లో, ఆలోచించుకోండి."

అడుగుల చప్పుడు దూరం పోలేదు. షెడ్డు నీడలో ఎక్కడో ఆగింది.

ఇస్తారి తలుపు మీద పిడికిళ్లతో బాదాడు. "భాయ్! ఎహసాన్ భాయ్! నేను గూడ ఉన్న లోపట! నేను ఇస్తారిని!" జనరేటర్ ఆ కేకను నమిలేసింది. పక్క రూముల వాళ్లు ఏసీల మోతలో నిద్రపోతున్నారు. అతను వెనక్కి తిరిగి జేబులు తడుముకున్నాడు.

"ఫోన్ ఏది?" అన్నాడు చెన్నయ్య.

"పొద్దుగాల భాయే తీస్కపోయిండు. రీచార్జి చేపిస్తనని."

రేకుల మీద ఎండ అప్పుడే పని మొదలుపెట్టింది. చెన్నయ్య చొక్కా పైగుండీలు విప్పి, తలుపుకు దూరంగా, ఉన్నంతలో చల్లగా ఉన్న నేల మీద కూర్చున్నాడు. ఇస్తారిని కూడా రమ్మని సైగ చేశాడు. దక్షిణం గోడ విడిచి ఇద్దరూ ఎదుటి గోడకు ఆనుకున్నారు.

"ఒక మాట నిజం చెప్పు. ఇల్లు నీకు వస్తే ఎహసాన్‌కు ఏం వస్తది? ఊరికే ఒకన్ని చంపడు ఎవడు."

"సగం ఇస్తనన్న."

"నోటిమాటనా?"

ఇస్తారి తల దించుకున్నాడు. "పోయిన శుక్రవారం మత్రా పట్నం తీస్కపోయిండు. ఆడ ఒక వకీలు. నాతోని గూడ ఒక వీలునామ రాయిచ్చిండు. నాకా, పెండ్లాం లేదు, పోరలు లేరు. నేను పోయినంక నాకున్నదంతా ఆనికని. నాకు గూడ భయమైంది సారు. కానీ భాయ్ అన్నడు, వీలునామంటే అమ్మకం కాదు, నువ్వు బతికున్నన్ని దినాలు ఇల్లు నీదే, మనసు మారితే ఎప్పుడన్నా చింపెయ్యొచ్చు, రద్దు చెయ్యొచ్చు అన్నడు. అబద్ధమా సారు అది?"

"అబద్ధం కాదు," అన్నాడు చెన్నయ్య. "వీలునామ రాసినోడు బతికున్నన్ని దినాలు అది ఉత్త కాగితమే. ఎన్నిసార్లన్నా చింపొచ్చు. వానికీ తెలుసు ఆ సంగతి." కాస్త ఆగాడు. "అందుకే నిన్ను ఎక్కువ దినాలు బతకనియ్యడు."

ఇస్తారి మెడ మీద చెమట ధారగా దిగింది. వేడి వల్లనో మరి దేనివల్లనో.

"మొదటి మడి గణపతిది. రెండోది నర్సింగ్‌ది. రెండు కట్టలు తెగినయి. నేను ఈ కాగితం మీద సంతకం పెట్టిన గడియకు నీళ్లు నీ మడిలకు వస్తయి. నీ కింద మడి వానిది."

"పెట్టకుండ్రి సారు!" ఇస్తారి అతని చెయ్యి పట్టుకున్నాడు. సిమెంటు పట్టిన ఆ చేతులు, ఒక చావును నెమ్మదిగా నేలకు దించిన చేతులు, ఇప్పుడు అతని మణికట్టును బిగించాయి. వెంటనే పట్టు సడలింది. "పెట్టకుంటే... మనం ఈ రూంలనే..."

"నా సంతకం పడేదాక ఇల్లు నీది కాదు. నీది కానన్ని గడియలు నిన్ను చంపితే వానికి ఏం రాదు. ఈ రూంల నీకున్న రక్ష గదొక్కటే."

"మరి మీరు?"

చెన్నయ్య తలుపు దగ్గర పడి ఉన్న కాగితాన్ని చూశాడు. అరవై దాటిన ఒళ్లు. సంతకం పెడితే ఇంటికి పోయే దారి ఉంది, ఆ దారిలో ఈ మనిషి శవం మీదుగా నడవాలి. పెట్టకపోతే తలుపు ఇదే. మధ్యాహ్నం మూడు దాటాక బస్సులకు మనుషులు లేస్తారు. అంతదాకా గాలి సరిపోవాలి.

"సాబ్," బయటి నుంచి గొంతు వచ్చింది. "పెన్ను రాస్తలేదా?"

చెన్నయ్య ముందుకు వంగి కాగితం అందుకున్నాడు. ఇస్తారి కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి. పెన్నును చెన్నయ్య కాలితో మంచం కిందికి తన్నాడు. కాగితాన్ని నిలువునా మడిచాడు, మళ్లీ మడిచాడు, వేళ్లతో అంచు గట్టిగా నొక్కాడు. తర్వాత దాంతో ఇస్తారి ముఖానికి నెమ్మదిగా విసరడం మొదలుపెట్టాడు.